ఆదివారం పొద్దుటి ఆట ఒకటి మా పిల్లలకివ్వండి

ఫిల్మ్‌నగర్‌లోని తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,



నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెనాలి నుంచి వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడి పదహారేళ్ళయింది. హీరోయిన్ పక్కన స్నేహితురాలు, ఎదురింటి పిన్ని, ఆస్పత్రిలో నర్సు, గుంపులోంచి అరిచే ఆడగొంతు, అప్పుడప్పుడు ఐదారేళ్ళ పిల్లలు. మీ సినిమాల్లో ఇలాంటివి చాలా చెప్పాను. మా ఆయన లైట్‌మన్. మా అబ్బాయికి పదకొండేళ్ళు. వాడికి ఆటిజం ఉంది. ఈ ఉత్తరం వాడి గురించీ, వాడిలాంటి పిల్లల గురించీ.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నిర్మాతలు, పంపిణీదారులు, థియేటర్ల వాళ్ళు, స్టూడియోల వాళ్ళు, నలుగురూ మీ ఛాంబర్ గొడుగు కిందే ఉన్నారు. పిల్లలు చూడదగ్గ తెలుగు సినిమా ఆడుతున్నప్పుడు నెలకి ఒక్క ఆదివారం, పొద్దుటి ఆట ఒకటి మాకివ్వండి. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకుండా, సౌండ్ తగ్గించి వేసే ఆట. పిల్లలు లేచి తిరిగినా, గెంతినా, పైకి మాట్లాడినా ఎవరూ కసురుకోని ఆట. ఒక్కో ఊళ్ళో ఒక్కో హాలు చాలు.

ఇది మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మూడేళ్ళు నిండినా మావాడు అమ్మా అని పిలవలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఏదైనా కావాలంటే వేలెత్తి చూపించేవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, నా చెయ్యి ఏదో పనిముట్టయినట్టు, ఆ వస్తువు మీద పెట్టేవాడు. మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని అత్తగారూ అన్నారు, మా అమ్మా అంది. నాకూ ఆ మాటే వినాలనిపించింది. ఏడాది దాటిన పిల్లలు ఆకాశంలో విమానం కనిపిస్తే వేలెత్తి చూపించి, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ మొహంలోకి చూస్తారు, చూశావా అన్నట్టు. నోటి మాటకన్నా ముందు వచ్చే మాట అది. అది రానప్పుడు నోటి మాట కోసం కాచుక్కూర్చోకూడదని నాకప్పుడు తెలియదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణం పూర్తి చెయ్యడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఈ ఉత్తరం ఏ తల్లి కంటైనా పడితే, వేలెత్తి చూపించడం గురించి చెప్పిన ముక్క ఒక్కటి గుర్తుపెట్టుకోమ్మా.

నాలుగో ఏట మాటలు వచ్చాయి. కానీ అవి నేను నేర్పినవి కావు. నేను డబ్బింగ్ చెప్పిన పాత్రల మాటలు.

ఒక సినిమాలో చిన్న సీను. వానలో తడుస్తూ ఒకావిడ చెల్లెలి ఇంటి తలుపు కొడుతుంది. "తలుపు తియ్యవే, వానొస్తోంది!" అంతే నా డైలాగు. డైరెక్టరుగారికి అందులో కోపం కావాలి, చలి కావాలి, అక్కకి చెల్లెలి మీద ఉండే చనువూ కావాలి. ముందు రోజు సాయంత్రం వంట చేస్తూ అదే మాటని పదిరకాలుగా అనుకుంటున్నాను. ఆ రాత్రి నిజంగానే పెద్ద వాన. కరెంటు పోయింది. వీధిలో ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. పిల్లాడు హడలిపోయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు.

ఆరునెలల తరవాత యూసుఫ్‌గూడలో బంధువుల పెళ్ళి. ఫంక్షన్ హాల్లో డీజే పెట్టారు. మావాడు నా పక్కన నిలబడి స్పష్టంగా, నా గొంతుతోనే, నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అక్కడే ఊపిరి తీసుకుంటూ అన్నాడు: "తలుపు తియ్యవే, వానొస్తోంది!" చుట్టూ ఉన్నవాళ్ళు ముచ్చటపడ్డారు. నేను మురిసిపోయాను. "ఇక్కడ వానేదిరా కన్నా" అని బుగ్గ పుణికాను. మళ్ళీ అన్నాడు. ఇంకా గట్టిగా అన్నాడు. తరవాత రెండు చేతులతో చెవులు మూసుకుని నేలమీద పడిపోయాడు. ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. గేటు దాటి చప్పుడు తగ్గాక వాడి గుండె నెమ్మదించింది.

వాడు నాకు మూడుసార్లు చెప్పాడు. భయంగా ఉంది, బయటికి తీసుకెళ్ళు అని. తన దగ్గరున్న మాటతో చెప్పాడు. నాకు అర్థం కాలేదు.

డాక్టర్లు దీన్ని ఎకోలాలియా అంటారు, విన్నమాటే తిరిగి చెప్పడం. చిలకపలుకులు అనుకుని కొట్టిపారేసేవాళ్ళు ఒకప్పుడు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లల్ని దగ్గరగా చూసి ఆటిజం మీద పేరుపొందిన వ్యాసం రాశాడు. మూడేళ్ళ తరవాత ఇంకో వ్యాసంలో ఒక పిల్లాడి సంగతి చెప్పాడు. ఆ పిల్లాడికి రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ వంటింట్లో పని చేసుకుంటూ పీటర్ అనేవాడి మీద ఉన్న పిల్లల పాట పాడుతోంది. చేతిలో గిన్నె జారి పడింది. ఆ రోజునుంచీ గిన్నెలాంటిది ఏది కంటపడినా ఆ పిల్లాడు పీటర్ పేరు ఎత్తేవాడు. వీధిలో వాళ్ళకి అది అర్థంపర్థం లేని మాట. ఆ వంటింట్లో ఉన్న తల్లికి అందులో వింతేమీ లేదు. ఈ సంగతి చదివిన రోజు నేను మా వంటింటి గట్టు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. వానా, ట్రాన్స్‌ఫార్మరూ అప్పుడు గుర్తొచ్చాయి.

1981లో బారీ ప్రైజంట్, జుడిత్ డ్యూకన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లల్ని వీడియో తీసి, విన్న వెంటనే తిరిగి చెప్పే మాటల్ని ఒక్కొక్కటిగా పట్టి చూశారు. తన వంతు అందుకోవడానికి, అవునని చెప్పడానికి, కావలసింది అడగడానికి, తనని తాను సముదాయించుకోవడానికి పిల్లలు ఆ మాటల్ని వాడుతున్నారని తేల్చారు. మాకు దొరికిన స్పీచ్ థెరపిస్టు దీన్ని నాకు మన భాషలో చెప్పింది: "వాడు డైలాగు చెబుతున్నప్పుడు డైలాగు వినకండమ్మా, సీను చూడండి."

ఆ మాటతో నాకు దారి దొరికింది. ఎందుకంటే నా వృత్తి కూడా అదే కదా. ఎవరో రాసిన మాటని, ఇంకెవరి పెదవి మీదో పెట్టి, ప్రాణం నేను పోస్తాను. మావాడూ అదే చేస్తున్నాడు. వాడి మనసులో ఉన్నదానికి సరిపోయే డైలాగుని ఉన్నవాటిలోంచి వెతికి తెచ్చుకుంటున్నాడు.

అప్పటినుంచి ఇంట్లో మా పని మొదలైంది. మావాడికి దాహమేస్తే "నీళ్ళు తాగుతావా నాన్నా?" అనేవాడు. వాడికి దాహమైనప్పుడల్లా ఇంట్లో వినిపించే మాట అదే మరి. పిల్లాడు నన్ను అడుగుతున్నాడనుకుని "నాకొద్దురా" అన్న రోజులున్నాయి. అప్పుడు నేను ప్రశ్న వెయ్యడం మానేసి వాడి పాత్రకి డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టాను. గ్లాసు వాడి చేతికిస్తూ, వాడి తరఫున, వాడి గొంతులా మెల్లగా: "నాకు దాహం. నాకు నీళ్ళు కావాలి." ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. చెప్పు, చెప్పు అని వెంటపడకూడదు. ఎనిమిది నెలలు చెప్పాను. ఒకరోజు మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేసి "నాకు దాహం" అన్నాడు. మా ఆయన షూటింగులో ఉన్నారు. ఫోన్ చేస్తే జనరేటర్ చప్పుడులో ఏమీ వినపడక ఏమైంది, ఏమైంది అని కంగారుపడ్డారు.

ఆగడం కూడా నేర్చుకున్నాను. డబ్బింగ్‌లో పాత్ర పెదవి కదలకముందు మాట పడితే ఆ టేక్ పనికిరాదు. మైకు ముందు అంత ఓపికగా ఆగగలిగే నేను, కన్నకొడుకు ముందు ఆగలేకపోయేదాన్ని. ఒక ప్రశ్న వేసి, వాడు ఆలోచించుకునేలోపే ఇంకో ప్రశ్న, అది కాకుండా ఇంకోటి. వాడి లోపల మొదటి ప్రశ్నకి తయారవుతున్న జవాబు చెదిరిపోయేది. ఇప్పుడు ఒకమాట అని, మనసులో పది లెక్కపెడతాను. తొమ్మిది దగ్గర జవాబు వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. లాలిపాట పాడుతూ చివరి మాట దగ్గర ఆగి, వాడు పూరించేదాకా చూడటం, బొమ్మకార్ల వరస పక్కన నేనూ నేలమీద కూర్చుని వాడు పెట్టినట్టే ఒక కారు పెట్టడం, కళ్ళలోకి చూడమని గడ్డం పట్టుకుని మొహం తిప్పకపోవడం, ఇవన్నీ ఆ తరవాతివి. చూపు కలిపితే మాట వినపడదు అని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళే చెబుతున్నారు. పక్కకి చూస్తున్నవాడు వినడం లేదని అనుకోవద్దు.

మేం డబ్బింగ్‌లో మాటలు కాని శబ్దాలని రియాక్షన్లు అంటాం. ఉలికిపాటు, నిట్టూర్పు, ఊఁ కొట్టడం. వాటిని విడిగా చెబుతాం, వాటికీ టేకులుంటాయి. అసలు మాటలు రాని పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళ రియాక్షన్లు చదవగలిగిన మనిషి పక్కనుంటే వాళ్ళూ మాట్లాడుతున్నట్టే. బొమ్మల కార్డులతో, ఫోనులో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లతో కూడా మాట్లాడతారు. బొమ్మలకి అలవాటు పడితే నోటిమాట రాదేమోనని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు, బొమ్మ చాలాసార్లు మాటకి ఆసరా అవుతుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మాట అన్నది ఇద్దరి పని. డామియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉన్నారు బ్రిటన్‌లో. ఆయనకి స్వయంగా ఆటిజం ఉంది, ఆయన కొడుక్కీ ఉంది. మీరు మమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడమూ, మేం మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడమూ రెండూ ఒకటే, లోటు ఒక్కవైపే ఉందనడం తప్పు అని 2012లో రాశారు. 2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళు, మన పిల్లలు చెవిలో మాట చెప్పుకునే ఆట లాంటిది పెద్దవాళ్ళతో ఆడించారు. ఎనిమిదిమంది వరస, మొదటివాళ్ళకి చెప్పిన కథ చివరివాళ్ళ దాకా ఎంత చేరిందో చూడటం. ఆటిజం ఉన్నవాళ్ళే ఉన్న వరసలో కథ, మిగతావాళ్ళ వరసలో చేరినంతే చేరింది. వాళ్ళకి మాట చేరవెయ్యడం రాదనే మాట అక్కడ నిలబడలేదు.

మావాడు వారానికి రెండుసార్లు థెరపీకి వెళతాడు. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఒక సెషన్‌కి అయ్యే ఖర్చుకి నేను ఒకరోజు డబ్బింగ్ థియేటర్‌లో కూర్చోవాలి. అయినా తీసుకెళుతున్నాం. అక్కడ వంతు కోసం వరసలో నిలబడటం నేర్చుకున్నాడు. "ఒక టికెట్ ఇవ్వండి" అని అడగడం నేర్చుకున్నాడు. కానీ ఆ గదిలో కౌంటరు అట్టముక్కతో చేసింది, టికెట్ ఇచ్చేది వాడికి బాగా తెలిసిన టీచరు. గదిలో వచ్చిన విద్య వీధిలోకి దానంతటది నడిచిరాదు. ఆటిజం ఉన్న పిల్లలకి ఇది ఇంకా కష్టం. ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోట మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. దానికి మనుషులున్న నిజమైన చోటు కావాలి.

తెలుగువాళ్ళకి అలాంటి చోటు ఏది? 1932లో భక్తప్రహ్లాద మాట్లాడినప్పటినుంచీ సినిమా హాలే. బడిలో మావాడి తరగతి పిల్లలు సోమవారం పొద్దున ఒకళ్ళనొకళ్ళు అడిగే మొదటి మాట "సినిమా చూశావా?" మావాడికి ఏ సినిమా సంగతి ఎత్తినా డైలాగులన్నీ వచ్చు. సోమవారం పొద్దున వాడు నెగ్గగలిగిన ఆట అదొక్కటే. తోటిపిల్లలతో మాట కలపడానికి వాడి దగ్గరున్న సరుకంతా మీరిచ్చిందే. కానీ వాడు హాల్లో కూర్చుని ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఒకసారి ప్రయత్నించాం, రెండేళ్ళ కిందట. ఏ హాలో చెప్పను, వాళ్ళొక్కళ్ళ తప్పు కాదది. వారం ముందే నేను ఒక్కదాన్నే వెళ్ళి ఫోనులో ఫొటోలు తీసుకొచ్చాను. టికెట్ కౌంటరు, బ్యాగు చూసే సెక్యూరిటీ, ఎస్కలేటరు, పాప్‌కార్న్, చీకటి హాలు, తెర. వాటిని వరసగా అంటించి కింద రెండేసి వాక్యాలు రాసి చిన్న పుస్తకం కుట్టాను. దీన్ని సోషల్ స్టోరీ అంటారు, కరోల్ గ్రే అనే అమెరికన్ టీచరు మొదలుపెట్టిన పద్ధతి. రోజూ పడుకునేముందు చదువుకున్నాం. చెవులకి పెట్టుకునే మఫ్‌లు కొన్నాం. ఆ సినిమాలో నర్సుకి వాయిస్ నాదే. అమ్మ గొంతు వినిపిస్తుందని చెప్పాను.

కౌంటరు దగ్గర వాడే అడిగాడు, "మూడు టికెట్లు ఇవ్వండి" అని. అక్కడిదాకా పండగే.

లోపల లైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. పుస్తకంలో మెల్లగా ఆరతాయని రాశాను నేను. సినిమా రాలేదు. ప్రకటనలు, ట్రైలర్లు, మళ్ళీ ప్రకటనలు. ఒక ట్రైలర్‌లో బేస్‌కి సీట్లు అదిరాయి. మఫ్‌లు చెవులకే గాని ఒంటికి కాదు కదా. వాడు లేచి నిలబడి అన్నాడు, "తలుపు తియ్యవే, వానొస్తోంది!" ఈసారి నాకు అర్థమైంది. కానీ మా వరసలో తొమ్మిదిమందిని దాటాలి. "కూర్చోబెట్టమ్మా" అని వెనకనుంచి ఒకరు. "ఇలాంటి పిల్లల్ని ఎందుకు తెస్తారో" అని ఇంకొకరు. ఎవరో ఫోను లైటు వాడి మొహం మీద వేశారు. మా ఆయన వాడిని భుజం మీద వేసుకుని బయటికి తెచ్చారు.

లాబీలో ఒక మూల కూర్చున్నాం. నలభై నిమిషాలకి వాడి ఊపిరి కుదుటపడింది. ఎవరో బయటికి రావడానికి హాలు తలుపు తెరిచినప్పుడు లోపలినుంచి నర్సు గొంతు వినిపించింది. మావాడు గభాలున లేచి వెళ్ళి ఆ తలుపు మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి, "అమ్మ లోపలుంది" అన్నాడు. నేను వాడి వెనకే నిలబడి ఉన్నాను.

అయ్యా, అమ్మా, ఆ తలుపు గురించే ఈ ఉత్తరం.

ఇందులో కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. మీ ప్రొజెక్షన్ గదిలో డాల్బీ ప్రాసెసర్ మీద ఫేడర్ ఉంటుంది, దాని స్టాండర్డ్ 7. ఆ ఒక్క ఆటకి 4 దగ్గరికి దించండి. లైట్లు సగం ఉంచండి, ఆర్పేటప్పుడు, వేసేటప్పుడు మెల్లగా. ప్రకటనలు, ట్రైలర్లు వద్దు, టికెట్ మీద వేసిన టైముకి సినిమా మొదలవ్వాలి. సీట్లు సగమే అమ్మండి, పక్కన ఖాళీ ఉంటే పిల్లాడు మెదలడానికి వీలవుతుంది. తలుపు దగ్గర వరస మాకు వదలండి. లాబీలో ఒక మూల, చప్పుడు లేకుండా, రెండు చాపలు. ఆ రోజు డ్యూటీలో ఉండే కుర్రాళ్ళకి ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి, పిల్లాడు అరిస్తే దగ్గరికి పరిగెత్తొద్దు, ముట్టుకోవద్దు, దారి ఇవ్వండి చాలు అని. ఇది ఎలాంటి ఆటో టికెట్ కొనేచోట రాసిపెడితే మిగతా ప్రేక్షకులు తెలిసే వస్తారు. చాలామంది వస్తారనే నా నమ్మకం. చంటిపిల్లల తల్లులు, చెవులు సున్నితమైన పెద్దవాళ్ళు కూడా ఇలాంటి ఆటకోసమే ఇంట్లో కూర్చుని ఉన్నారు. టికెట్ ధర తగ్గించమని అడగడం లేదు.

అమెరికాలో ఏఎంసీ థియేటర్ల వాళ్ళు 2007 నుంచీ ఇలాంటి ఆటలు వేస్తున్నారు. బ్రిటన్‌లో 2011 నుంచీ నడుస్తున్నాయి. ఆ ఏఎంసీ హాళ్ళలోనే మన తెలుగు సినిమాలూ ఆడుతున్నాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలని గుర్తించింది, ఆటిజం అందులో ఒకటి. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కుని అందులో 29వ సెక్షన్ చెబుతుంది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ సినిమా హాళ్ళకి మార్గదర్శకాలు ఇచ్చింది, చూపులేనివాళ్ళకి వర్ణన, వినపడనివాళ్ళకి అక్షరాలు ఉండాలని. చాలా మంచి పని. మా పిల్లల ఊసు మాత్రం అందులో లేదు. ఢిల్లీ చెప్పేదాకా ఫిల్మ్‌నగర్ ఆగక్కర్లేదు.

ఇంకొక్క సంగతి, ఇది మాటల రచయితలకీ, డైరెక్టర్లకీ. 1986లో కె. విశ్వనాథ్‌గారు స్వాతిముత్యం తీశారు. అందులో కథానాయకుడు శివయ్యని ఇప్పుడు చాలామంది ఆటిజం ఉన్నవాడిగా గుర్తిస్తారు. ఊరు అతన్ని వెర్రిబాగులవాడంది గాని కెమెరా అనలేదు. నలభై ఏళ్ళకిందట మనం ఆ పని చెయ్యగలిగాం. కొన్నేళ్ళకిందట ఒక కామెడీ బిట్‌కి నన్ను పిలిచారు. "కొంచెం మెంటల్‌గా చెప్పమ్మా" అన్నారు. నాకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో చెప్పాను, మా ఇంట్లో వినే పద్ధతిలో. మాట సాగదియ్యడం, చివర రెండుసార్లు తిరగ్గొట్టడం. రూములో అందరూ నవ్వారు, టేక్ ఓకే అయింది. ఇంటికొచ్చి అన్నం కలిపి పెడుతుంటే మావాడు అచ్చం అలాగే మాట్లాడాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆ తరవాత అలాంటి బిట్లు చెప్పడం మానేశాను. 2024 జులైలో సుప్రీంకోర్టు, ఆంఖ్ మిచోలీ సినిమా మీద వచ్చిన కేసులో, వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, ఆ మనుషుల్ని కించపరిచే హాస్యం వేరు అని స్పష్టంగా విడదీసింది. అలాంటి పాత్రలు రాసేటప్పుడు ఆ మనుషుల్నే సంప్రదించమంది. మేం దూరంలో లేం. కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో, వెంకటగిరిలో, మీ యూనిట్లలో పనిచేసే వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నాం. తెల్లవారుజామున ప్రొడక్షన్ వ్యాను కోసం రోడ్డు మీద నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లో ఇద్దరు తల్లులు నాకు తెలుసు, ఒకామె షూటింగుకి వెళితే ఇంకొకామె ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటుంది.

ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం దినం. ఆ రోజు భవనాలకి నీలం లైట్లు వేస్తారు, మంచిదే. వచ్చే ఏప్రిల్ 2 లోపు ఒక్క హాల్లో లైట్లు సగం వేసి ఉంచితే మాకు అంతకన్నా మేలు. మొదటి ఆట పెద్ద హాల్లో వెయ్యడానికి సంకోచమైతే ప్రసాద్ ల్యాబ్స్‌లోనో, రామానాయుడు స్టూడియోలోనో ప్రివ్యూ థియేటర్‌లో వేసి చూడండి. ముప్ఫైమంది పిల్లల్ని మేం తీసుకొస్తాం. ఏ పిల్లాడికి ఏది పడదో, భయమేస్తే ఎవరు ఎలా చెబుతారో ఒక్కో కాగితం మీద రాసి గేటు దగ్గర కుర్రాళ్ళకి ముందురోజే ఇస్తాం. హాలు ఫొటోలతో పుస్తకం నేను కుడతాను, ఈసారి లైట్లు ఎలా ఆరతాయో సరిగ్గా అడిగి తెలుసుకుని రాస్తాను.

సినిమాకి ముందు తెర మీద చిన్న ప్రకటన ఒకటి రావాలి. లేవొచ్చు, తిరగొచ్చు, మాట్లాడొచ్చు, తలుపు తీసే ఉంది అని చెప్పాలి. దానికి వాయిస్ నేనిస్తాను, డబ్బులొద్దు. ఏ రోజు ఏ డబ్బింగ్ థియేటర్‌కి రమ్మంటారో కబురు చెయ్యండి, పిల్లాడు బడికెళ్ళిన గంటకి వచ్చేస్తాను.

ఇట్లు,
కృష్ణానగర్ నుంచి ఒక డబ్బింగ్ ఆర్టిస్టు